గట్టుతో కలిపి పది ఎకరాలు

ఆ లెక్క వేసింది నేనే. దుర్గ అడిగింది ఒక్కటే, "ఏవండీ, పదహారు వందల మీటర్లంటే మన ఊళ్ళో ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఉంటుంది?" అని. నేను బీయస్సీ మ్యాథ్స్. అన్నం తింటున్నవాణ్ణి తిన్నట్టే ఎడం చేత్తో గోడ మీది క్యాలెండరు కాగితం చింపి, వెనక్కి తిప్పి గీసి చూపించాను. మన చేపల చెరువు పది ఎకరాలు. నలుచదరం. ఒక్కో వైపు రెండు వందల మీటర్లు, పైన ఓ మీటరు. గట్టు మీద ఒక చుట్టు ఎనిమిది వందలు. రెండు చుట్లయితే పదహారు వందలు, పైన ఓ తొమ్మిది మీటర్లు కొసరు.

"కొసరు కూడానా!" అని నవ్వింది.

మా అమ్మ రత్నమాణిక్యం మాత్రం, "నెల ఇంకా పది రోజులుందిరా అబ్బాయ్, ఏకాదశి ఎప్పుడో ఇప్పుడెలా చూసుకోను?" అని ఆ కాగితం లాక్కుని, అన్నం మెతుకుతో మళ్ళీ గోడకి అంటించింది. చెరువు బొమ్మ గోడవైపుకి పోయింది.

దుర్గ కానిస్టేబులు ఉద్యోగానికి రాసింది. పూర్తి పేరు సాయిదుర్గ. ఉంగుటూరులో ప్రైవేటు స్కూల్లో మూడేళ్ళు పాఠాలు చెప్పి, పాప పుట్టాక మానేసింది. వంటింట్లో పోపుల డబ్బాల పక్కన పుస్తకాలు పెట్టుకుని చదివి రాత పరీక్ష దాటింది. మిగిలింది పరుగు. పదహారు వందల మీటర్లు పదిన్నర నిమిషాల్లో పూర్తి చెయ్యాలి. ఎన్నిసార్లో వాయిదా పడి పడి, చివరికి తేదీ ఇచ్చేసరికి ఆవిడకి ముప్ఫై రెండు వచ్చాయి. మళ్ళీ నోటిఫికేషను వచ్చేసరికి వయసు హద్దు దాటిపోతుంది. ఇది పోతే ఇంక లేదు.

"రేషను కార్డులో మీ కింద ఉన్నాను. ఆధార్‌లో మీ పేరు పక్కన ఉన్నాను," అంది ఒకసారి. "ఈ హాల్‌టికెట్టు ఒక్కటే, నా పేరు పైన పెద్దక్షరాల్లో వేసింది."



చేపల చెరువు ఉన్నవాడికి తెల్లవారుజాము సొంతం కాదు. రాత్రంతా నీళ్ళలో గాలి తగ్గుతూ వచ్చి, తెల్లవారేముందు బాగా పడిపోతుంది. చేప పైకొచ్చి నోరు తెరిచిందంటే ఆ క్షణాన ఇంజను వెయ్యాలి, నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరేటర్లు తిప్పాలి. ఓ గంట కునుకు తీస్తే ఏడాది పెంచిన శీలావతీ బొచ్చే చేపలన్నీ పొట్టలు పైకి పెట్టి తేలతాయి. అందుకని రోజూ మూడింటికే మకానికి వెళ్ళిపోతాను. మకామంటే గట్టు మూల రేకుల గది. ఓ మంచం, ఓ దోమతెర, మందుల బస్తాలు. పగలు మేత సంచులు కట్టడానికి పేతురున్నాడు గానీ, ఆ వేళకి అతను వేరే చెరువుల్లో చేపల పట్టుబడికి పోతాడు.

దుర్గకి దొరికేదీ ఆ వేళే. ఆరున్నర దాటిందా, ఇల్లు పట్టేసుకుంటుంది. పాలు, పాప స్నానం, టిఫిను డబ్బా, ఏడూ నలభైకి స్కూలు వ్యాను, బీపీ మాత్రకి ముందు అమ్మ కడుపులో ఏదో ఒకటి పడాలి. సాయంత్రం పరిగెడదామంటే గట్ల మీద మేత ఆటోలు, మనుషులు. ఒకరోజు అలా వెళ్తే, మర్నాటికి పాల కేంద్రం దగ్గర నన్నే అడిగారు, "ఏం హేమంతూ, మీ ఆవిణ్ణి ఎవరైనా తరుముతున్నారా?" అని.

పాప మోక్షితకి నాలుగున్నరేళ్ళు. తల్లి నైటీ కొస గుప్పిట్లో పట్టుకుంటే గానీ నిద్రపోదు. గుప్పిట్లోంచి జారితే లేచి కూర్చుని వీధి మొత్తాన్నీ లేపుతుంది. నానమ్మ పక్కన పడుకోమంటే, "నానమ్మ చీర జారిపోతుంది, బాలేదు," అంటుంది. అందుకని దుర్గ నిద్రపోతున్న పిల్లని చున్నీతో నడుముకి కట్టుకుని, నాలుగూ ముప్పావుకి స్కూటీ మీద మకానికి తెచ్చేది. మంచం మీద వేసి దోమతెర దింపి, నైటీ ఒకటి మడిచి దాని చేతిలో పెట్టి, బూట్లు కట్టుకునేది. నేను ఓ కన్ను నీళ్ళ మీద, ఓ కన్ను మంచం మీద వేసి కూర్చునేవాణ్ణి. ఏరేటర్ల చప్పుడులో ఆవిడ అడుగులు వినపడేవి కావు. సెల్లు లైటు ఒకటి గట్టు మీద ఊగుతూ పోయేది.

"పెళ్ళయిన ఆరేళ్ళకి పరుగుపందేలేంటే అమ్మాయ్?" అనేది మా అమ్మ. "మోకాళ్ళరిగితే నాలాగే గోడ పట్టుకుని నడుస్తావు."

"ఉద్యోగానికి అత్తయ్యగారూ."

"ఉద్యోగమైతే కుర్చీ వేసి కూర్చోబెట్టాలి గానీ పరిగెత్తిస్తారా?"

"దొంగల్ని పట్టుకోవాలి కదండీ."

"ముందు ఇంట్లో దొంగని పట్టుకో," అని అటక వైపు చూపించేది. అక్కడ మోక్షిత స్టూలెక్కి బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టి ఉండేది.

అలా అంటుందే గానీ, దుర్గ చెమటలు కక్కుతూ వచ్చేసరికి పాలు కాచి, బియ్యం కడిగి పెట్టేది. ఆ మోకాళ్ళతో అమ్మ చెయ్యగలిగింది అంతే.

మొదటిరోజు రెండు చుట్లకి పన్నెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. మకాం ముందు వాంతి చేసుకుంది. నెలకి పదకొండున్నర. రెండు నెలలకి పది యాభై. మధ్యలో బడిలో పిల్లల ఫంక్షను, మా పెద్దనాన్న గారి కార్యం, వరి కోతలకి కూలీల వంట, అన్నీ వచ్చాయి. ఏ పని ఎక్కడ తగ్గించుకుందో నాకు తెలీదు. నిద్రలోంచే తగ్గించుకుందని తర్వాత అర్థమైంది. చపాతీ పిండి కలుపుతూ గోడకి తల ఆనించి పడుకున్న రోజులున్నాయి.

ఒక మంగళవారం పది పన్నెండు వచ్చింది. పది నిమిషాల పన్నెండు సెకన్లు. సెల్లు నా మొహం మీద పెట్టి, చేత్తో నా భుజాన్ని కొట్టింది. పద్దెనిమిది సెకన్లు మిగులు. నాకేం చెయ్యాలో తోచక మేత బస్తా విప్పి చెరువులో ఓ రెండు గుప్పిళ్ళు ఎక్కువ వేశాను. ఆ వారమంతా మా ఇల్లు పండగలా ఉంది. పాప కూడా, "మా అమ్మ పది పన్నెండు," అని వ్యానులో అందరికీ చెప్పింది. దానికి అదేదో ర్యాంకు.

పరుగు పదహారు రోజులుందనగా, దుర్గతో పాటు రాత పరీక్ష రాసిన జాయ్సీ ఫోను చేసింది. భీమడోలు పిల్ల, ఇరవై రెండేళ్ళది. తాడేపల్లిగూడెంలో వరదానం మాస్టారని మిలటరీలో చేసి వచ్చినాయన ఆదివారాలు ఆడపిల్లలకి ట్రయలు పెడుతున్నాడట. "ఒకసారి రండక్కా, అందరితో పరిగెడితే ఊపొస్తుంది," అంది.

గూడెంలో పాత యుద్ధకాలం నాటి రన్‌వే ఉంది. దాని మీద విమానాలు తప్ప అన్నీ పరిగెడతాయి. మాస్టారు టేపుతో కొలిచి సున్నంతో గీతలు గీయించాడు. ఈ గీతనించి ఆ గీతకి నాలుగు వందలు. అటూ ఇటూ నాలుగుసార్లు. పాపని నా భుజాల మీద ఎక్కించుకుని నిలబడ్డాను. పందొమ్మిది మంది. దుర్గ మధ్యలో ఉంది. బాగానే పరిగెత్తింది. నేనూ పాపా అరిచాం.

పది నలభై ఒకటి.

ఒళ్ళు బాగాలేదేమో అనుకున్నాను. దుర్గ మొహం చూస్తే అలా లేదు. ఎప్పుడూ పరిగెత్తినట్టే పరిగెత్తానంటోంది.

మాస్టారు వచ్చి, "ఎక్కడ ప్రాక్టీసమ్మా?" అన్నాడు.

"మా చెరువు గట్టు మీదండి. రెండు చుట్లు."

"ఎవరు కొలిచారు?"

దుర్గ నా వైపు చూసింది.

"పది ఎకరాల చెరువండి," అన్నాను. "నలుచదరం. చుట్టుకి ఎనిమిది వందల నాలుగు..."

ఆయన కూడా రైతు బిడ్డే అయ్యుంటాడు. నన్ను కిందికీ పైకీ చూసి, "పది ఎకరాలు నీళ్ళా బాబూ, గట్టుతో కలిపా?" అన్నాడు.

పాపని కిందికి దించాను.

మా వైపు చెరువు విస్తీర్ణం ఎవరైనా గట్టుతో కలిపే చెప్తారు. కౌలుకిచ్చేవాడూ అంతే, పుచ్చుకునేవాడూ అంతే. గట్టు బయటి అడుగునించి కొలుస్తాం. నీళ్ళ లెక్క వేరే చెప్పేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆ అడుగునించి పైకెక్కి మనిషి నడిచే బాట దగ్గరికొచ్చేసరికి నాలుగు వైపులా ఐదేసి మీటర్లు లోపలికి వచ్చేస్తాం. ఇది తెలియనివాణ్ణా నేను? ఆ గట్టు వేయించిందే నేను. కానీ పది ఎకరాలు అనగానే నోరు పది అనేసింది, చెయ్యి దాన్నే గీసేసింది.

ఆ సాయంత్రం పేతురూ నేనూ యాభై మీటర్ల టేపుతో గట్టంతా కొలిచాం. ఏడు వందల అరవై రెండు. రెండు చుట్లకి డెబ్భై ఆరు మీటర్లు తక్కువ. మూడు నెలలు ఆవిడ పరిగెత్తని డెబ్భై ఆరు మీటర్లు.

దుర్గ మకాం గుమ్మంలో కూర్చుని వింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అయితే ఇంకో పదకొండు సెకన్లు తగ్గించాలండీ," అంది. అంతే.

వరదానం మాస్టారు మిగిలిన రోజులన్నిటికీ కాగితం మీద రాసిచ్చాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. రెండు వందల మీటర్లవి జోరుగా ఎనిమిది. రోజుకి నాలుగు గుడ్లు. ఎనిమిది గంటల నిద్ర. ఎనిమిది గంటలు అన్న చోట దుర్గ వేలు పెట్టి నాకు చూపించింది. ఇద్దరం నవ్వాం.

పొద్దుటి పనంతా నేను చేస్తానన్నాను. మూడు రోజులు చేశాను. జడ వెయ్యడం రాక రబ్బరు బ్యాండుతో పాప జుట్టు మొక్కజొన్న పీచులా కట్టి పంపించాను. మూడోరోజు టీచరమ్మ ఫోను చేసి, టిఫిను డబ్బాలో పచ్చిమిరపకాయ ఉందని చెప్పింది. నాలుగోరోజు మబ్బు పట్టింది.

అల్పపీడనం. మూడు రోజులు ముసురు, సూర్యుడు లేడు. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి పుట్టదు. చేప పగలు కూడా తేలడం మొదలెడుతుంది. ఇంక నేను ఇంటి మొహం చూడలేదు. గట్టు మీద రేగడి మట్టి బూటుని పట్టుకుని వదలడం లేదు. దుర్గ తారురోడ్డు మీద రెండు పూటలు పరిగెత్తింది. పాపకి జ్వరం వచ్చింది. నూట రెండు. రెండు రోజులు పిల్ల తల్లి ఒళ్ళోంచి దిగలేదు. మా అమ్మ ఎత్తుకోబోతే తన్నింది. దుర్గ పిల్లని భుజాన వేసుకుని, వరండాలో ఈ చివరనించి ఆ చివరకి గబగబా నడుస్తుంటే, అది పిల్లని ఊరుకోబెట్టడమో ప్రాక్టీసో తెలీలేదని అమ్మ నాతో చెప్పింది.

ఆరు రోజులుందనగా తెరిపిచ్చింది. గట్టు కాస్త ఆరింది. పాపకి జ్వరం తగ్గి, మకాంలో మంచం మీద పడుకుంది. మేం గట్టు మీద కొత్త గుర్తు పెట్టుకున్నాం. రెండు చుట్లూ, ఆ పైన తూము దాటి డెబ్భై ఆరు మీటర్లకి ఓ వెదురుబద్ద పాతాను. ఈసారి టేపు పెట్టి.

దుర్గ బయల్దేరింది. మొదటి చుట్టు నాలుగు నిమిషాల యాభై సెకన్లకి అయింది. అంత జోరుగా ఎప్పుడూ పోలేదు. రెండో చుట్టులో తూర్పు గట్టు తిరుగుతుండగా కరెంటు పోయింది. ఏరేటర్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో మొదటిసారి ఆవిడ అడుగుల చప్పుడు విన్నాను. దానితోపాటే నీళ్ళ మీద చప్పుడు. వేల నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్న చప్పుడు.

డీజిలు ఇంజను దగ్గరికి పరిగెత్తి తాడు లాగాను. అంటుకోలేదు. మళ్ళీ లాగాను. టార్చి వేసి చూస్తే చెరువు మొత్తం మూతులే. ఆక్సిజన్ పొడి బస్తాలు మకాంలో ఉన్నాయి. ఇంజను వదిలి నేను వెళ్తే ఇంజను అంటుకోదు, వెళ్ళకపోతే చేప దక్కదు. మంచం మీద పాప లేచి ఏడవడం మొదలెట్టింది.

"దుర్గా!" అని అరిచాను. "పొడి! పొడి బస్తా తే!"

ఆవిడ అప్పటికి ఉత్తరపు గట్టు సగంలో ఉంది. ఒక్క క్షణం ఆగలేదు, అలాగే పరిగెత్తుతోంది. నేను మళ్ళీ అరిచాను. అప్పుడు గట్టు దిగింది. పొలం అడ్డంగా పడి మకాంలోకి పోయి, పాపని ఒక చంకన, బస్తా ఒక చంకన వేసుకుని వచ్చింది. పొడి చల్లుతూ గట్టు వెంట పరిగెత్తింది. పన్నెండోసారి ఇంజను అంటుకుంది. ఓ అరగంటకి చేప లోపలికి దిగింది. ఎనభయ్యో తొంభయ్యో చచ్చుంటాయి. మిగతావి దక్కాయి.

ఒడ్డున కూలబడి సెల్లు చూసుకుంది. అందులో టైము ఇంకా పరిగెడుతోంది. నలభై ఎనిమిది నిమిషాలు. వేలితో నొక్కి ఆపింది. పొలంలో మట్టిపెళ్ళ మీద కాలు మడతపడి చీలమండ వాచింది. నాలుగు రోజులు పసుపూ సున్నం పట్టు వేసుకుంది. ఆ నాలుగు రోజులూ పరిగెత్తలేదు.

ఏలూరు గ్రౌండు గేటు బయట మమ్మల్ని ఆపేశారు. గొలుసూ గాజులూ తీసి నా చొక్కా జేబులో వేసింది. మంగళసూత్రం ముందురోజే పసుపుతాడుకి మార్చుకుంది. ఛాతీ మీద నంబరు కట్టుకుని, వెనక్కి చూడకుండా లోపలికి పోయింది.

గోడ ఎత్తు ఏడడుగులు. బయట చెట్టు నీడన నాలాంటి మొగుళ్ళు ఓ పాతిక మంది ఉన్నాం. అందరి చంకల్లోనూ పిల్లలే. ఒకాయన దగ్గర మూడు నెలల పసిగుడ్డు. "మూడో బ్యాచండి వాళ్ళమ్మ. పాలకేడుస్తోంది," అన్నాడు, నేనేదో చెయ్యగలిగినట్టు. లోపల్నించి విజిలు వినపడింది. మళ్ళీ ఏమీ లేదు. ఓ పది నిమిషాలకి మళ్ళీ విజిలు.

"నాన్నా, ఇప్పుడు అరుద్దామా?" అంది మోక్షిత.

"వినపడదమ్మా."

"గట్టిగా అరిస్తేనో?"

గేటు దగ్గర ఉన్న లేడీ కానిస్టేబులు పాపని చూసి నవ్వింది. చక్కగా ఇస్త్రీ చేసిన బట్టలు, భుజం మీద నంబరు. నేను చూపు తిప్పుకున్నాను.

ముందు జాయ్సీ వచ్చింది. ఏడుస్తోంది. "పాసయ్యానన్నయ్యా," అంది. "అక్క వెనకాలే పరిగెత్తాను. అక్క అడుగు చూసుకుని అడుగేశాను. ఆఖరి రెండు వందల్లో అక్క కాలు..." అని ఆగిపోయి, పాప బుగ్గ తడిమి వెళ్ళిపోయింది.

దుర్గ మెల్లగా కుంటుతూ వచ్చింది. నా జేబులో చెయ్యి పెట్టి గాజులు తీసి, ఒక్కొక్కటే వేసుకుంది.

"పది ముప్ఫై నాలుగు," అంది.

నాలుగు సెకన్లు. ఎవరినైనా అడుగుదామా, మళ్ళీ ఓసారి పరిగెత్తనిస్తారేమో అన్నాను. కాలి నొప్పి సంగతి చెప్పి చూద్దామన్నాను. ఆవిడ పాపని ఎత్తుకుని మోటారుసైకిలు దగ్గరికి నడిచింది.

బస్టాండు దగ్గర హోటల్లో పూరీ తిన్నాం. మూడు నెలలయింది ఆవిడ నూనె ముట్టి. రెండో ప్లేటు కూడా తెప్పించుకుంది. పాపకి కూర పెట్టింది, మూతి తుడిచింది. నేనే ఉండబట్టలేక, "ఆ రోజు నేను పిలవకుండా ఉండాల్సింది," అన్నాను.

"పిలవకపోతే చేపలు పోయేవి."

"పోతే పోయేవి."

"ఇప్పుడంటారు," అంది. కోపంగా అనలేదు. పూరీ చివర తుంచి పాప నోట్లో పెట్టింది.

ఇంటికొచ్చాక మా అమ్మ మా మొహాలు చూసింది. దుర్గ స్నానానికి వెళ్ళాక నన్ను పక్కకి పిలిచి, "మళ్ళీ ఎప్పుడు పెడతారంట్రా?" అంది.

"పెట్టినా దానికి వయసు దాటిపోతుందమ్మా."

"వయసేంట్రా? ముప్ఫై రెండేగా దానికి!"

"అదేనమ్మా ఆ వయసు."

అమ్మకి అర్థం కాలేదు. దుర్గ స్నానం చేసి వచ్చాక, గోడ పట్టుకుని పక్కకి వెళ్ళి, వాచిన చీలమండకి నూనె రాస్తూ కూర్చుంది. దుర్గ కాలు చాపింది.

మర్నాడు మూడింటికి నేను లేచేసరికి దుర్గ కళ్ళు తెరుచుకునే ఉంది. పాప గుప్పిట్లో నైటీ కొస.

"పడుకో. ఇంక లేవక్కర్లేదుగా," అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

"అదే మెలకువ వచ్చేస్తోందండీ," అంది. "మీరు వెళ్ళండి. మబ్బుగా ఉంది."

గుమ్మంలో నిలబడ్డాను. ఏదైనా చెప్పాలి. పైన నిజంగానే ఒక్క చుక్క లేదు. గాలి లేదు. ఇలాంటి పొద్దు చేప తొందరగా తేలుతుంది.

బండి తీశాను.